అద్దంలో ఎద్దు

ఒంగోలుకు బస్సులో గంట దూరంలో ఉన్న దేవరగుంటపాలెంలో హిమజ అనే తెలివైన అమ్మాయి ఉండేది గానీ, ఏ వస్తువునూ ఉన్నది ఉన్నట్టు ఉంచలేని గుణం ఒకటి ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. వాళ్ళమ్మ వాకిట్లో ముగ్గు వేసి లోపలికి వెళితే, వెనకాలే వచ్చి ఆ ముగ్గును సరిచేసేది. ఎనిమిదో ఏట, ఇంట్లో ఉన్న ఒక పెళ్ళి ఆల్బంలో మేనత్త కళ్ళు మూసుకుని ఉండటం చూసి, పెన్నుతో ఆమెకు రెండు పెద్ద కళ్ళు గీసింది. ఆ మేనత్త ఏడాది పాటు వాళ్ళ గడప తొక్కలేదు.

దిద్దడం చెడ్డ గుణమేమీ కాదు. చెడ్డదల్లా ఏమిటంటే, దిద్దే ముందు ఇది ఇలా ఎందుకుంది అని హిమజ ఎవరినీ అడిగేది కాదు. అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని ఆమె భయం. తెలియదని చెప్పడం కంటే నాలుగు రోజులు పస్తు ఉండటం నయమనుకునే రకం.

ఇలాంటి పిల్ల డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో ఒంగోలు వెళ్ళి వెబ్ డిజైనూ ఫొటోలు దిద్దే విద్యా నేర్పే చోట చేరింది. ఇక చూడండి, చేప నీళ్ళలో పడ్డట్టయింది. బొమ్మ మీద గాజు పలకలు పేర్చినట్టు పొరలు పేర్చి పనిచేయడం, వెనక ఉన్న కరెంటు స్తంభాన్ని గడ్డితో కప్పి మాయం చేయడం, దిగులుగా ఉన్న ఆకాశాన్ని నీలంగా మార్చడం, అన్నీ నెల రోజుల్లో పట్టేసింది. పాఠం చెప్పే రహంతుల్లా సార్ నెమ్మదస్తుడు. ఆయన మూడు సంగతులు పదేపదే చెప్పేవాడు. అసలు ఫొటో మీద ఎప్పుడూ చెయ్యి పెట్టకూడదు, కాపీ తీసుకుని దాన్నే దిద్దాలి. బొమ్మలో ముఖం పేజీ లోపలికి చూడాలి, బయటికి చూస్తే చదివేవాడి చూపు కూడా దాంతోపాటే బయటికి పోతుంది. బొమ్మను అద్దంలోలా అటుదిటు తిప్పాల్సి వస్తే, ముందు అందులో అక్షరాలున్నాయేమో, చేతి గడియారం ఉందేమో చూసుకోవాలి.

మూడో సంగతి హిమజ వల్లే పుట్టింది. మొదటి వారంలో ఆమె ఒక బస్సు ఫొటోను తిప్పితే, బస్సు మీద ఊరి పేరు కుడి నుంచి ఎడమకు తిరగబడి కనబడి క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచి అక్షరాల విషయంలో మహా జాగ్రత్తగా ఉండేది.

కోర్సు చివర అందరూ ఒక ప్రాజెక్టు చేయాలి. నిజంగా ఉన్న మనిషికి, నిజంగా పనికొచ్చే వెబ్‌సైటు తయారుచేసి చూపించాలి. ఒకరు మిఠాయి కొట్టు ఎంచుకున్నారు, ఒకరు కుట్టుమిషను సెంటరు. హిమజ తన పెదనాన్న చెంచయ్యను ఎంచుకుంది.

చెంచయ్య ఎద్దుల మనిషి. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో ఏ కొట్టంలో ఏ ఎద్దు ఉందో, దాని ఈడెంతో, దాని బుద్ధేమిటో ఆయనకు కంఠస్థం. అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య నిలబడి మాట చెప్పేవాడు. నలభై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. ఎద్దు తప్పు ముందు చెప్పాలి, గొప్ప తర్వాత చెప్పాలి అనేది ఆయన పద్ధతి. ట్రాక్టర్లు వచ్చాక దున్నే ఎద్దులు తగ్గాయి. అయినా బండలాగుడు పోటీలవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆయన పేరు అడుక్కుంటూ వచ్చేవారు. ఆయన ఆస్తి రెండెకరాల మెట్ట, ఆ మాట. అంతే.

హిమజ కాలికి బలపం కట్టుకుని ఏడు ఊళ్ళూ తిరిగింది. చెంచయ్య తన పాత మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడు. అరవై రెండు ఎద్దులకు ఫొటోలు తీసింది. ప్రతి ఫొటోలోనూ చెంచయ్య ఒక వెదురుకర్రను ఎద్దు ముంగాలి పక్కన నిటారుగా పట్టుకుని నిలబడేవాడు. ఆ కర్ర మీద జానెడుకొక గీత కోసి ఉండేది. ఫొటోలో కర్ర అడ్డంగా ఉంది, తీసెయ్ పెదనాన్నా అని హిమజ బతిమాలింది.

"కర్ర ఉండాలమ్మాయ్" అన్నాడు చెంచయ్య.

ఎందుకు ఉండాలి అని ఆమె అడగలేదు. అడిగితే హిమజ ఎందుకవుతుంది? ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని అరవై రెండు కర్రలనూ, వాటిని పట్టుకున్న పెదనాన్ననూ ఒక్కొక్కటిగా తుడిచేసింది. పేడ కుప్పలు తుడిచింది. ఈగలు తుడిచింది. పెదమల్లవరంలో నాగరత్నమ్మ అనే ఆవిడ ఎద్దుకు ఎడమ చెవి సగం తెగి ఉంటే, ఇది చూడటానికి బాగాలేదని ఆ ఎద్దును వెబ్‌సైటులో పెట్టకుండా పక్కన పడేసింది.

ఇక మొదటి పేజీలో పెట్టడానికి చెంచయ్య సొంత ఎద్దు సూరీడును ఎంచుకుంది. పాలనురుగు లాంటి ఒళ్ళు, నిండు మూపురం. దాని జతగాడు ఏడాది కింద జబ్బు చేసి పోయాడు. ఒంటెద్దును ఇంట్లో కట్టేసి ఏం చేస్తాం, జత కావలసినవాళ్ళు ఎవరన్నా వస్తే ఇచ్చేద్దామని చెంచయ్య అనుకుంటున్నాడు. పక్కింటి ఎద్దును తెచ్చి సూరీడుతో కలిపి కాడి కట్టించి, పక్కనుంచి ఫొటో తీసింది హిమజ. బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్కటే లోపం. ఎద్దులు రెండూ ఎడమవైపుకు చూస్తున్నాయి. పేజీలో ఫొటో ఎడమ పక్కన, మాటలు కుడి పక్కన ఉన్నాయి. అంటే ఎద్దులు పేజీ బయటికి చూస్తున్నాయన్నమాట.

హిమజ సార్ చెప్పిన సంగతి తలచుకుంది. ఫొటోలో అక్షరాలున్నాయా అని వెతికింది, లేవు. గడియారం ఉందా అని చూసింది, ఎద్దు గడియారం కట్టుకోదు. ఒక్క నొక్కు నొక్కింది. ఎద్దులు రెండూ ఠక్కున ఇటు తిరిగి, పేజీలోకి ఠీవిగా చూస్తూ నిలబడ్డాయి. హిమజ మురిసిపోయింది.

వాళ్ళమ్మ మాత్రం పెదనాన్నకు ఒకసారి సరిగ్గా చూపించమని పోరింది. కంప్యూటరు సంగతి పెదనాన్నకేం తెలుసని హిమజ ఎదురు చెప్పింది. అమ్మ పోరు పడలేక ఒకరోజు ఎద్దుకు నీళ్ళు పోస్తున్న చెంచయ్య ముందు ఫోను పట్టి చూపించింది. కళ్ళజోడు ఇంట్లో ఉంది. ఆయనకు తెల్లగా ఏదో మెరిసినట్టు కనబడింది, బాగుందమ్మాయ్ అన్నాడు. అంతటితో చూపించినట్టయింది.

వెబ్‌సైటు జనంలోకి వెళ్ళిన పదో రోజున చెంచయ్య బటన్ల ఫోను మోగింది. నంద్యాల దగ్గరి పల్లె నుంచి మద్దిలేటి అనే రైతు. బండలాగుడు పోటీల్లో పేరున్నవాడు. ఆయన జతలో ఒక ఎద్దు కాలు విరిగి మూలనపడింది. ఇరవై రోజుల్లో వాళ్ళ తిరునాళ్ళ పోటీ. ఫొటోలో సూరీడును చూశానని, తనకు కావలసింది అచ్చం అలాంటి ఎద్దేనని చెప్పాడు. ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా అని మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగాడు.

చెంచయ్యకు ఆ ప్రశ్న కొంచెం నొప్పి కలిగించింది. "ఫొటోలో ఎట్టా ఉందో ఎద్దు అట్టానే ఉంటది. తేడా వస్తే నా పేరు చెంచయ్య కాదు" అన్నాడు.

పక్కనే కూర్చున్న హిమజ ఆ మాట విని పొంగిపోయింది. తన ఫొటో మీద పెదనాన్న మాట పెట్టాడంటే ఇంతకంటే ఏం కావాలి? ఆ మాట ఎంత బరువైనదో అప్పటికింకా ఆమెకు తెలియదు.

వారం తిరిగేసరికి, ఆదివారం పొద్దున్నే మద్దిలేటి వ్యాను వేసుకుని దిగాడు. వెంట ఇద్దరు మనుషులు, తన దగ్గర మిగిలిన ఎద్దు బసవడు. జత కుదురుతుందో లేదో అక్కడే కాడి కట్టి చూసుకుని తీసుకుపోదామని బసవణ్ణి కూడా ఎక్కించుకొచ్చాడు. వ్యాను చప్పుడుకే సగం ఊరు పోగయింది. సూరీడును చూసి మద్దిలేటి ముఖం విప్పారింది. ఒళ్ళు నిమిరాడు, పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు. అన్నీ నచ్చాయి.

ఊరి బయట బయల్లోకి తోలుకెళ్ళి కాడి కట్టారు. చెంచయ్య ఎవరితోనో మాట్లాడి వచ్చేసరికి మద్దిలేటి మనుషులు బసవణ్ణి ఎడమ పక్కన, సూరీణ్ణి కుడి పక్కన కట్టి అదిలించారు. సూరీడు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. మళ్ళీ అదిలిస్తే ఎడమకు తోసుకొచ్చాడు. బసవడు బెదిరి పక్కకు లాగాడు. రెండూ కలిసి గానుగెద్దుల్లా గుండ్రంగా తిరగసాగాయి. కాడి ఒకవైపుకు ఒరిగిపోయింది. చూసేవాళ్ళు నవ్వారు.

చెంచయ్య పరుగున వచ్చాడు. "అదేంది, సూరీడు దాపటెద్దు గదా, ఎలపట కట్టారేంది?" అన్నాడు.

పట్నం పిల్లలకు ఈ మాటలు తెలియకపోవచ్చు. జతలో ఎడమ పక్కన నడిచే ఎద్దు దాపటెద్దు, కుడి పక్కన నడిచేది వలపటెద్దు, పల్లె వాడుకలో ఎలపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్కన అలవాటు చేస్తే బతికినన్నాళ్ళూ అది ఆ పక్కనే నడుస్తుంది. ఎడమ చేత్తో రాసేవాణ్ణి పట్టుకుని కుడి చేత్తో రాయమంటే ఎట్లా ఉంటుందో, దాపటెద్దును వలపట కడితే అట్లా ఉంటుంది. మద్దిలేటి దగ్గర కాలు విరిగింది వలపటెద్దు. ఆయనకు కావలసింది వలపటెద్దు. దాపట బసవడు ఉండనే ఉన్నాడు.

మద్దిలేటి జేబులోంచి ఫోను తీసి చెంచయ్యకు అందించాడు. చెంచయ్య ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఫొటోలో సూరీడు కాడికి కుడి పక్కన ఠీవిగా నిలబడి ఉన్నాడు. ఆ ఫొటో చూసి ఎద్దుల సంగతి తెలిసినవాడు ఎవడైనా వలపటెద్దు అనే అంటాడు, ఫోనులో పక్క సంగతి విడిగా అడగడు.

"అన్నా, నీ మాట నమ్మి ఇంత దూరం వస్తిని. అరచేతిలో వైకుంఠం చూపిస్తిరి గదా" అన్నాడు మద్దిలేటి. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. వెంట వచ్చిన ఇద్దరూ అంత మెత్తగా లేరు. ఒంటెద్దును వదిలించుకోవడానికి వేసిన ఎత్తు ఇదంతా అని పైకే అనేశారు. పోగైన జనంలో గుసగుసలు మొదలయ్యాయి. చెంచయ్య మాట కూడా ఇంతేనా అని ఎవరో అన్నారు.

చెంచయ్య ఫోను తిరిగి ఇచ్చేశాడు.  తల వంచుకునే, ఫొటో మా ఇంట్లోనే తయారైంది, తప్పు మాదే అన్నాడు. ఎవరు చేశారో చెప్పలేదు. హిమజ వైపు చూడను కూడా చూడలేదు.

హిమజ జనం వెనక తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. నోరు మూసుకుంటే ఆమె పేరు ఎవరికీ తెలియదు. నోరు విప్పితే బస్సు ఫొటోకు క్లాసు నవ్వినట్టు ఇప్పుడు ఊరు నవ్వుతుంది. కానీ నలభై ఏళ్ళ మాటను తన ఒక్క నొక్కుతో పడగొట్టిందని ఆమెకు అర్థమైపోయింది. ఏనాడూ ఎవరి ముందూ తలవంచని పెదనాన్న తల అప్పుడు వంగి ఉంది.  జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"ఫొటో తిప్పింది నేనండీ. పెదనాన్నకు తెలియదు" అంది.

ఇంటికి పరుగెత్తి ల్యాప్‌టాప్ తెచ్చి అందరి ముందూ తెరిచింది. అసలు ఫొటో చూపించింది. సూరీడు ఎడమ పక్కన, పక్కింటి ఎద్దు అవతల. ఒక్కసారి నొక్కితే అది ఎట్లా తారుమారవుతుందో కూడా చేసి చూపించింది. ఎద్దుకు ఒక పక్కంటూ ఉంటుందని తనకు తెలియదని, తెలుసుకోవాలని కూడా అనుకోలేదని చెప్పింది. తెలియదు అనే మాట పదిమంది ముందు అనడం ఆమె జన్మలో అదే మొదటిసారి. ఆశ్చర్యం, ఆ మాట అన్నాక ప్రాణం పోలేదు. ఎవరూ నవ్వలేదు కూడా.

మద్దిలేటి తెరమీద ఆ రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూశాడు. ఆయన కోపం సగం దిగింది. "సరే పాపా, నిజం చెప్తివి. ఇంక పన్నెండు దినాలే ఉండాది తిరునాళ్ళకు. నాకు ఎలపటెద్దు యాడ దొరుకుతాది?" అన్నాడు.

హిమజ ఆ మాటకు చెంచయ్య వైపు తిరిగింది. పుట్టి పంతొమ్మిదేళ్ళయినా ఎన్నడూ అడగనిది ఆరోజు అడిగింది.

"పెదనాన్నా, రెండు ఎద్దులు జత కుదరాలంటే ఏమేం కలవాలి?"

చెంచయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఈ పిల్లేనా అడుగుతున్నది అనుకున్నాడు. తర్వాత వేపచెట్టు నీడలో కూలబడి ఒక్కొక్కటే చెప్పాడు. ఎత్తు కలవాలి, లేకపోతే కాడి ఒరుగుతుంది. మెడ పొడుగు కలవాలి, మూపురం ఒక మట్టాన ఉండాలి. ఈడు కలవాలి. కాళ్ళ పొడుగు ఒకటైతే అడుగు ఒకటవుతుంది. ఇవన్నీ కలిసే వలపటెద్దు కోసం ఒక్కో ఊరూ తిరగాలంటే పదిహేను రోజులు పడుతుందని నిట్టూర్చాడు.

ఎత్తు ఎట్లా తెలుస్తుందని హిమజ అడిగింది.

"కర్రతో" అన్నాడు చెంచయ్య. "ఎద్దు పక్కన కర్ర పెట్టి గీతలు లెక్కేస్తే చాలు. అందుకేగా ప్రతిదాని పక్కనా నిలబడ్డా. నువ్వేమో దండగ అనుకుంటివి."

హిమజ గబగబా ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుంది. వెబ్‌సైటులో కర్రలు లేవు గానీ అసలు ఫొటోలు అరవై రెండూ భద్రంగా ఉన్నాయి. రహంతుల్లా సార్ పుణ్యమా అని అసలు మీద ఆమె ఏనాడూ చెయ్యి పెట్టలేదు. ప్రతి అసలు ఫొటోలోనూ పెదనాన్న ఉన్నాడు, ఆయన చేతిలో ఆ గీతల కర్ర ఉంది. అంటే ఏడు ఊళ్ళ ఎద్దుల కొలతలూ ఆమె ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

బసవణ్ణి పక్కకు నిలబెట్టి, చెంచయ్య చేత కర్ర పట్టించి ఫొటో తీసింది. ఈసారి ఆమే కర్ర ఇంకాస్త నిటారుగా పట్టుకోమని చెప్పింది. బసవడి బొమ్మను వెనకదాని నుంచి విడదీసి, సన్నటి గుడ్డలోంచి చూస్తున్నట్టు పలచగా చేసింది. ఇక ఒక్కో ఎద్దు ఫొటోనూ తెరుస్తూ, రెండు ఫొటోల్లో కర్ర ఒకే పొడుగు ఉండేట్టు సరిచేసి, బసవణ్ణి దాని మీద పరిచి చూడసాగింది. చెంచయ్య కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుని, ఇది దాపట, తీసెయ్, ఇది ఎలపట, ఉంచు అని చెబుతుంటే మద్దిలేటి భుజం మీదుగా తొంగి చూశాడు. కొన్ని ఎద్దులు అటు చూస్తున్నాయి, కొన్ని ఇటు. బసవడి బొమ్మను ఒక్కోసారి తిప్పాల్సి వచ్చింది. తిప్పిన ప్రతిసారీ హిమజ ముందు పెదనాన్నను అడిగి, కొలత కోసమే తిప్పుతున్నానని చెప్పి మరీ తిప్పింది. ఆ జాగ్రత్త చూసి మద్దిలేటికి అంత బాధలోనూ నవ్వొచ్చింది.

ఇరవై మూడు వలపటెద్దులు తేలాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకదానికి మెడ చాలదు. చివరికి ఒకటే మిగిలింది. దాని మీద బసవణ్ణి పరచగానే వీపు గీత మీద వీపు గీత, మూపురం మీద మూపురం, మోకాలి మీద మోకాలు కూర్చున్నట్టు సరిపోయాయి. ఇద్దరు రైతులూ ఒకేసారి ముందుకు వంగారు. అది పెదమల్లవరం నాగరత్నమ్మ ఎద్దు. చూడటానికి బాగాలేదని హిమజ వెబ్‌సైటులోకి రానివ్వని చెవి తెగిన ఎద్దు.

చెంచయ్య తన పద్ధతి మరిచిపోలేదు. చిన్నప్పుడు కుక్క కరిచి చెవి తెగిందని, చెవి దగ్గర చెయ్యి పెడితే ఇప్పటికీ తల విదిలిస్తుందని ముందు చెప్పాడు. దాని గొప్ప తర్వాత చెప్పాడు.

వ్యాను పెదమల్లవరం వెళ్ళింది. నాగరత్నమ్మ భర్త లేని మనిషి. ఆమె దాపటెద్దు వేసవిలో పోయింది, కొడుకు ట్రాక్టరు కొన్నాడు, ఈ ఎద్దు ఏ పనీ లేక కొట్టంలో దిగులుగా నిలబడి ఉంది. చెవి సంగతి ముందే చెప్పారా అని ఆమె చెంచయ్యను అడిగింది. చెప్పానన్నాక గాని పగ్గం ఆయన చేతికివ్వలేదు. వెబ్‌సైటులో దాని బొమ్మ ఎందుకు రాలేదని హిమజను కూడా అడిగింది. హిమజ దాచకుండా నిజం చెప్పి, తప్పయిందని ఎద్దు ముందే ఒప్పుకుంది. ఎద్దు పట్టించుకోలేదు. నాగరత్నమ్మ మాత్రం ఆ పిల్ల తల నిమిరింది.

కాడి కట్టారు. బసవడు దాపట, చెవి తెగినవాడు వలపట. అదిలించక ముందే రెండూ కలిసి కదిలాయి. నాలుగు కాళ్ళ ఎద్దులు రెండు కాదు, ఎనిమిది కాళ్ళ ఎద్దు ఒకటే నడుస్తున్నట్టు ఉంది. మద్దిలేటి చెంచయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

అదే వారం ఒంగోలులో ప్రాజెక్టులు చూపించే రోజు వచ్చింది. ఈలోపు హిమజ పెదనాన్నతో మళ్ళీ ఊళ్ళు తిరిగి రెండో పక్క ఫొటోలు కూడా తీసి, మూడు రోజులు కూర్చుని వెబ్‌సైటును మొదటినుంచీ మళ్ళీ చేసింది. ఇప్పుడు ప్రతి ఎద్దుకూ రెండు పక్కల నుంచి తీసిన ఫొటోలున్నాయి. ప్రతిదాంట్లో పెదనాన్న, కర్ర, పేడ కుప్పతో సహా ఉన్నాయి. ప్రతి ఎద్దు కింద దాని పక్క ఏదో రాసి, మొదటి వరసలో దాని తప్పు, రెండో వరసలో దాని గొప్ప పెట్టింది. దిద్దకుండా ఎట్లా ఉంటుంది, దిద్దింది. చీకటిగా వచ్చిన ఫొటోల్లో గీతలు కనబడేట్టు వెలుగు పెంచింది. వంకరగా వచ్చినవాటిని నిటారు చేసింది. అంతకుమించి ముట్టుకోలేదు.

తెరమీద ఆ పేజీలు చూసి వెనక బెంచీల్లో నవ్వులు వినబడ్డాయి. మిఠాయి కొట్టు వెబ్‌సైటులో లడ్డూలు వజ్రాల్లా మెరుస్తున్నాయి మరి. ప్రతి ఫొటోలోనూ ఈ కర్ర అడ్డంగా లేదా అని రహంతుల్లా సార్ అడిగాడు.

"అదే కొలత సార్. దాన్ని తుడిచేసి నేను ఒక మనిషి మాట పడగొట్టాను" అంది హిమజ. జరిగినదంతా దాచకుండా చెప్పింది.  ఆమె ముగించేసరికి వెనక బెంచీల్లో నవ్వులు లేవు. సార్ తన నోటుపుస్తకం తీసి, అక్షరాలు, చేతి గడియారం అని ఉన్న చోట మూడో మాట చేర్చుకున్నాడు. తెలిసినవాళ్ళను అడిగావా అని రాసుకున్నాడు. ఆ ఏడు మొదటి స్థానం హిమజ ప్రాజెక్టుకే ఇచ్చాడు. వచ్చే బ్యాచీకి ఫొటోల పాఠం మొదటిరోజు నువ్వే చెప్పాలని అడిగాడు.

ఇంకా అసలు సంగతి మిగిలే ఉంది. తిరునాళ్ళ నాడు మద్దిలేటి రమ్మంటే చెంచయ్య, హిమజ, నాగరత్నమ్మ ముగ్గురూ నంద్యాల బస్సెక్కారు. బయలంతా జనం. మైకులో పేర్లు పిలుస్తున్నారు. తొమ్మిది జతలు లాగి వెళ్ళాక మద్దిలేటి జత వచ్చింది. చెవి తెగిన ఎద్దును చూసి ముందు వరసలో ఎవరో వెటకారం చేశారు. నాగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

బండ కదిలింది. ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకు, ఎక్కడా కాడి ఒరగలేదు, ఎక్కడా అడుగు తప్పలేదు. చాలా జతలు ఎక్కడ ఆయాసపడి ఆగాయో ఆ చోటు దాటాయి. అప్పటిదాకా అందరికంటే ఎక్కువ లాగిన జత దూరానికి గీసిన గీత కూడా దాటాయి. వెటకారం చేసినవాడు లేచి నిలబడి ఈల వేస్తున్నాడు. గడువు ముగిసినట్టు గంట కొట్టేసరికి మొదటి బహుమతి ఎవరిదో మైకువాడు చెప్పనక్కర లేకపోయింది. నాగరత్నమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. చప్పట్లు కొట్టి కొట్టి హిమజ చేతులు ఎర్రబడ్డాయి.

మద్దిలేటి ఒంటినిండా దుమ్ముతో మైకు అందుకున్నాడు.

"ఈ ఎలపటెద్దు నాకు చెంచయ్యన్న మాట మీద వచ్చింది, ఈ పాప ఫొటో మీద వచ్చింది. రెండూ నిజమే చెప్పినాయి" అన్నాడు.

అంతమంది ముందు పెదనాన్న తలెత్తి నిలబడటం చూసి హిమజ కళ్ళు నీళ్ళతో నిండాయి.  ఎప్పుడూ వెంట ఉంచుకునే గీతల కర్రను ఆయన ఆమె చేతికిచ్చాడు, అంతే.

ఆ తర్వాత కడప నుంచీ, గుంటూరు నుంచీ, ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి. దాపటెద్దు కోసం వెతుకుతున్న ఒక రైతు నెల తిరక్కుండానే వచ్చి సూరీణ్ణి కూడా కొనుక్కున్నాడు. ఆ చుట్టుపక్కల బేరం కుదరక ఎవరన్నా అనుమానపడితే, ఇది చెంచయ్య మాట, హిమజ ఫొటో అని చెప్పడం మొదలైంది. ఇక ఆ పిల్ల ఇప్పటికీ వాకిట్లో ముగ్గులు సరిచేస్తూనే ఉంది. పుట్టుకతో వచ్చిన గుణం ఎక్కడికి పోతుంది? కాకపోతే ఈ చుక్క ఇక్కడెందుకు పెట్టావమ్మా అని ముందు వాళ్ళమ్మను అడుగుతుంది.

ఉన్నదాన్ని దిద్దబోయే ముందు అది అలా ఎందుకుందో తెలిసినవాళ్ళను అడగాలి. ఎంత గొప్ప విద్యయినా నిజాన్ని బాగా చూపించడానికే గాని, మార్చి చూపించడానికి కాదు.